ఇంజను తేవడానికి షోలాపూర్ పోయి

సికింద్రాబాదులో మా ఇంటి వరండాలో రెండేళ్ళుగా ఇటుకల మీద నిలబడి ఉన్న మోటార్ సైకిలుకు ఇంజను లేదు. ఇంజను షోలాపూర్‌లో, మా బావమరిది నర్సయ్య ఇంట్లో ఉంది. దాన్ని తెచ్చుకోవడానికే దసరా సెలవుల్లో ఈ ప్రయాణం పెట్టుకున్నాను. పండగ వంకతో అత్తవారింట తిని రావడానికి వెళ్ళాడని ఎవరైనా అంటే నమ్మకండి. తిన్న మాట నిజమే గాని, వెళ్ళింది అందుకు కాదు.

బండి యుద్ధకాలంలో మిలిటరీవాళ్ళు తొక్కి తొక్కి, చివరికి వేలంలో వదిలించుకున్నది. నేను బడిలో డ్రాయింగు మాస్టర్ని. బడి వదలగానే ఇంటికొచ్చి, చొక్కా విప్పి, బండి ముందు కూర్చునేవాణ్ణి. చక్రాల ఇరుసులు కిరసనాయిలులో కడిగాను. క్లచ్చులోని బెండు బిళ్ళలను నూనెలో నానబెట్టాను. దళసరి అట్ట మీద కొలతలు గీసి గాస్కెట్లు కత్తిరించాను. నా డ్రాయింగు విద్య లోకానికి ఉపయోగపడింది అక్కడొక్కచోటే. బండికి తుప్పు వదిలిస్తున్నానని నేననుకుంటే, బండే నాకు తుప్పు వదిలిస్తోందని వీధంతా అనుకుంది. మా ఆవిడ సత్తెమ్మది ఎప్పుడూ ఒకటే మాట: "నట్టింట్ల ఈ నట్లేంది?"

ఇంజను లోపల పెద్ద బేరింగు అరిగిపోయి ఉంది. షోలాపూర్ మిల్లుల్లో పనిచేసే ఫిట్టర్లు అటువంటివి ఇంటి దగ్గర చేసిపెడతారని నర్సయ్య చెబితే, ఎండాకాలంలో రైలుకు వేసి పంపాను. మీలో ఎవరికైనా ఆ అవసరం పడితే, నూనె చుక్క మిగలకుండా వంచేసి, గోనెసంచిలో కుట్టి, బ్రేకువానులో బుక్ చేయండి. లేకపోతే పార్సిలు గుమాస్తా ముక్కు మూసుకుని మీకు నీతులు చెబుతాడు. వానాకాలం గడిచింది. అటునుంచి వచ్చిన చుట్టమొకాయన "మీ ఇంజను మంచిగైందట" అని చెప్పి, చాయ్ తాగి వెళ్ళిపోయాడు. మంచిగైన ఇంజను మరి ఎందుకు రాలేదో ఆయన చెప్పలేదు.

పొద్దున ప్యాసింజరు ఎక్కాను. మూడో తరగతిలో కిటికీ పక్కన చోటు దొరికింది. తాండూరులో ఎక్కిన నాపరాళ్ళ వ్యాపారి ఒకాయన నా ఒళ్ళో ఉన్న ఖాళీ గోనెసంచిని చాలాసేపు చూశాడు.

"ఏం తెస్తున్నరు సారూ, జొన్నలా?"

"ఇంజను."

ఆయన బయటికి తొంగి చూసి, "ముంగట ఒకటున్నది గదా, చాలదా?" అన్నాడు.

వాడీలో బండి మారాలి. అక్కడ చాలాసేపు కాచుకోవాలి కాబట్టి అన్నం మూట కట్టుకుని వెళ్ళడం మంచిది. ప్లాట్‌ఫారం మీద అమ్మే పూరీలు నా బండి క్లచ్చు బిళ్ళల్లాగే నూనెలో నానినవి. మెయిలు గుల్బర్గా దాటి, పొద్దు వాలే వేళకు షోలాపూర్ చేర్చింది. అశోక్ చౌక్ దాకా టాంగాలో వెళ్ళి, అక్కడినుంచి నేతగాళ్ళ గల్లీల్లోకి నడిచాను. ప్రతి గడప వెనకా మగ్గం చప్పుడే. ఆ చప్పుళ్ళ మధ్యలో మరో చప్పుడు వినిపించి నిలబడిపోయాను. డబ్ డబ్ డబ్, మధ్యలో ఒక దగ్గు. ఆ దగ్గు నాకు తెలుసు.

నర్సయ్య ఇంటి ముందుగదిలో నేలకు నాలుగు బోల్టులతో బిగించి ఉంది నా ఇంజను. దాని నుంచి తోలు పటకా ఒకటి గోడమీది ఇరుసుకు, అక్కడినుంచి మరొకటి మరమగ్గానికి పోతోంది. పెట్రోలు టాంకీకి బదులు వనస్పతి డబ్బా వేలాడుతోంది. చల్లబడడానికి రేకుముక్కలతో పంకా చేసి తగిలించారు. ఖండే నవమినాడు, అంటే ఆయుధపూజకు, పెట్టిన పసుపు కుంకుమలు ఇంజను రెక్కల మీద మాడి నల్లబడి ఉన్నాయి. దానిచేత దుప్పట్లు నేయిస్తున్నారు!

"రా బావా, రా! సూసినవా నీ ఇంజను? సాంచెను ఎట్ల గుంజుతున్నదో!" అన్నాడు నర్సయ్య. మరమగ్గాన్ని వాళ్ళు సాంచె అంటారు.

"ఎవరినడిగి బిగించావురా?"

"అక్కను అడిగిన. ఉండనియ్యి తమ్మీ, ఇంట్ల గాసునూనె కంపన్న తగ్గుతది అన్నది."

అంటే నన్ను నట్టేట ముంచింది నట్టింటి మనిషే. గోనెసంచి విసిరికొట్టి, రేపు పొద్దున్నే విప్పి తీసుకుపోతానన్నాను. మగ్గం ఆగింది. నర్సయ్య భార్య బాలమణి చాయ్ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. చివరికి మా అత్తగారు నెమ్మదిగా అంది: "నీది నీకియ్యమా అల్లుడా? సాంచె మీద పడుగు ఉన్నది. అయిపోయినంక తీస్కపో."

న్యాయంగా తోచింది. సరేనన్నాను. జొన్నరొట్టె, షేంగా చట్నీ, అంటే పల్లీల పొడి, పెట్టారు. కోపంగా మూడు రొట్టెలు తిన్నాను.

మర్నాడంతా కాచుకుని కూర్చున్నాను. పడుగంటే నిలువు పోగులు. వెనక దూలానికి చుట్టి ఉంటాయి. మా ఇంట్లో మగ్గం తాతగారితోనే పోయింది కాబట్టి నాకు తెలిసింది అంతే. చుట్ట సన్నబడుతోందా లేదా అని గంటగంటకూ చూశాను. ఈలోగా ఆ దగ్గు నన్ను తినేసింది. నిప్పు ఆలస్యంగా పడుతోంది. వాల్వు సందు ఎక్కువైంది. రెండేళ్ళు సాకిన ఇంజను అలా దగ్గుతుంటే ఎవరు ఊరుకుంటారు? మధ్యాహ్నం ఆపించి, మాగ్నెటో పాయింట్లు గీకి, సందు సరిచేసి, మళ్ళీ నడిపించాను. దగ్గు పోయింది, మగ్గం వేగం పెరిగింది. దొంగను పట్టుకోవడానికి వెళ్ళి వాడి చెప్పులు కుట్టి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

"బావ చెయ్యి పడ్డంక మస్తుగైంది!" అని నర్సయ్య పక్కింటివాళ్ళను కూడా పిలిచి చూపించాడు. నాకు ఒళ్ళు మండింది.

మూడోనాడు పొద్దున దూలం బోడిగా కనిపించింది. నేను పానా తీసుకుని నేలమీద కూర్చున్నాను. సరిగ్గా అప్పుడు బాలమణి కొత్త పడుగు తెచ్చి, మగ్గం వెనక చాప వేసుకుంది. పాత పడుగు కొసలు అచ్చులోనే, అంటే పోగులు దూరే దువ్వెనలోనే, ఉన్నాయి. వాటికి కొత్త పోగులు ఒక్కొక్కటే కలిపి, వేలికి బూడిద అద్దుకుని, మెలిపెట్టి అతకడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"అతుకుతున్న అన్నా."

"అయిపోయింది కదా పడుగు!"

ఆమె చేయి ఆగిపోయింది. "అట్ల అనొద్దన్నా. కొస వచ్చింది అనాలె. సాంచె ఖాళీ అయిందంటే ఇల్లు ఖాళీ అయినట్టే. మేం ఎన్నడూ ఖాళీ చెయ్యం. పాతదాని తోకకు కొత్తది అతుకుతం."

అప్పుడు నాకు తెలిసింది. వాళ్ళింట్లో పడుగు అయిపోవడమనేదే లేదు. అల్లుడి మొహం మీద కుదరదని చెప్పలేక మా అత్తగారు అన్న మాట అది. నేను దాన్ని గడువనుకుని రెండు రోజులు దూలం కొలుచుకుంటూ కూర్చున్నాను. పడుగు వాళ్ళది, పడినవాణ్ణి నేను!

కోపంతో మొదటి బోల్టు తిప్పేశాను. ఎవరూ అడ్డం రాలేదు. మా అత్తగారు కత్తెర తెచ్చి బాలమణి పక్కన పెట్టింది. "నేను అట్ల అనకపోయేది ఉండె. తప్పు నాదే. కొయ్యి బిడ్డా, అల్లుడు తీస్కపోతడు."

బాలమణి కత్తెర ముట్టుకోలేదు. నర్సయ్య మాత్రం నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. "బావా, పదేండ్లు ఒకరి కార్ఖానల సాంచె నడిపిన. ఇది నా సొంతది. ఇది ఆగితే సేటు నేయమని ఇచ్చిన నూలు వాపస్ తీస్కుంటడు, నేను మల్ల ఆడికే పోవాలె. గల్లీల కరెంటు కంబాలు నాటిండ్రు గాని తీగ గుంజలే. ఇయ్యాల కరెంటు ఆఫీసుకు రమ్మన్నరు. జర నువ్వు గూడ రా. చదువుకున్నోనివి. కరెంటొస్తే నీ ఇంజను నేనే బుజాన ఏస్కొని టేషన్‌కు తెస్త."

పానా జేబులో వేసుకుని వెళ్ళాను. నా ఇంజను కోసమే వెళ్ళానని మనవి. ఆఫీసులో గుమాస్తా తల ఎత్తకుండానే హిందీలో అడిగాడు: "ఘర్ హై యా కార్ఖానా? ఏక్ బోలో."

"ఇల్లే సాబ్. ఇంట్లనే సాంచె," అన్నాడు నర్సయ్య.

ఇల్లయితే దీపానికి ఇస్తారట, మగ్గానికి ఇవ్వరట. మగ్గానికి కావాలంటే కార్ఖానా ఉండాలట. ఇల్లు ఉండడానికట, పని చేయడానికి కాదట. ఆ ప్రశ్న నాకు కొత్తది కాదు. రెండేళ్ళుగా మా వీధిలో ప్రతివాడూ నా వరండా ముందు ఆగి "ఇది ఇల్లా, కార్ఖానానా?" అని అడిగి నవ్వి పోయినవాడే. నేనూ నవ్వేసి ఊరుకునేవాణ్ణి. అక్కడ మాత్రం నవ్వు రాలేదు.

"ఇంట్లో అన్నం వండుతారు కదండీ, అది పని కాదా?" అన్నాను హిందీలోనే, గట్టిగా.

"హోటల్ కా లైసెన్స్ అలగ్ హై," అన్నాడు గుమాస్తా. హోటలు లైసెన్సు వేరేనట.

బల్ల గుద్దాను. జేబులోని పానా బల్లకు తగిలి ఠంగుమంది. ప్యూను పరుగెత్తుకొచ్చాడు. ఇంట్లో నేసిన దుప్పటి మీరు కప్పుకోరా, ఇంట్లో పుట్టిన పిల్లకు కార్ఖానా కాగితం అడుగుతారా అని ఏవేవో అరిచాను. నాకు కోపమొస్తే హిందీ పోయి తెలుగే వస్తుంది కాబట్టి ఆయనకు ఎంత ముట్టిందో చెప్పలేను. మమ్మల్ని మర్యాదగా బయటికి నెట్టారు. తీగ విషయం తేలలేదు.

దారిలో నర్సయ్య నవ్వాపుకోలేకపోయాడు. "బావా, నీ సైలెన్సరు గూడ ఊడిందా ఏంది?"

ఇంటికి వెళ్ళి, నేను వదులు చేసిన బోల్టును మళ్ళీ బిగించాను. మిగతా మూడూ కూడా చూస్తే వదులుగానే ఉన్నాయి; వాటినీ బిగించాను. నెలకోసారి వాల్వు సందు ఎలా చూసుకోవాలో నర్సయ్యకు నేర్పాను. బాలమణి చాపమీద కూర్చుని, అతకడం ఆపిన పోగు దగ్గరే మళ్ళీ అందుకుంది. మా అత్తగారు కత్తెర తీసి లోపల పెట్టింది.

మర్నాటి బండికి తిరుగు ప్రయాణం. షోలాపూర్ చూడవలసిన ఊరు, తప్పక వెళ్ళండి. చట్నీ బాగుంటుంది, దుప్పట్లు ఇంకా బాగుంటాయి, మనుషులు అడిగినవాడికి లేదనరు. అనరు కాబట్టి జాగ్రత్తగా వినండి. రైలు ఊరు దాటేటప్పుడు గల్లీల మధ్య కంబాలు వరసగా కనిపించాయి, ఒక్కదానికీ తీగ లేదు. చూసినకొద్దీ నాకు మళ్ళీ గుమాస్తా మొహం గుర్తొచ్చింది.

వాడీ దాటాక ఎదురుగా కూర్చున్న ముసలాయన, నా గోళ్ళలోని మసి చూసి, ఏం పని చేస్తారని అడిగాడు. పాత మోటార్ సైకిలు బాగుచేస్తానన్నాను.

"నడుస్తున్నదా మరి?"

"బ్రహ్మాండంగా నడుస్తోంది. దాని మీద ఒక ఇల్లంతా పోతోంది."

"గంతమందా? సంబాళించుకోండ్రి," అన్నాడాయన.

సికింద్రాబాదులో దిగి బస్సు ఎక్కలేదు. కోపం తగ్గేదాకా నడుద్దామనుకున్నాను. అది తగ్గకముందే ఇల్లు వచ్చేసింది.