అమ్మ మూకుట్లో పిజ్జా

మా నాన్న రెండో పెళ్లి చేసుకున్న రోజు నేను ఏడవలేదు. ఏడిస్తే కొత్తగా వచ్చినావిడ దగ్గరికి తీసుకుని ఓదారుస్తుందేమోనని భయం. ఆవిడ చేత ఓదార్పించుకోవడం కంటే కళ్లు మండేదాకా బిగపట్టుకోవడమే మేలనిపించింది.

అరవైల్లో సంగతి ఇది. చిలకలూరిపేట రోడ్డు మీద బస్సు దిగి, పత్తి చేల గట్లెంట నడిచి వెళ్తే మా ఊరు వచ్చేది. ఊరికి ఓ పక్కగా మా పాలెం, అందులో మిషను వాళ్ల బడి, దాన్ని ఆనుకుని చర్చి. నాన్న ఆ బడిలో పంతులు, చర్చిలో సంఘపెద్ద. పాలెంలో తక్కినవాళ్లంతా పత్తి తీతకీ మిరపకాయల కోతకీ కూలికి పోయేవాళ్లు. చదువు చెప్పే మనిషని నాన్నంటే అందరికీ గౌరవం. అమ్మ విషజ్వరంతో పోయేనాటికి నాకు పట్టుమని పధ్నాలుగేళ్లు లేవు. ఆ తరవాత పొయ్యి నాది, ఉప్పుజాడీ నాది. నాన్న కూడా నావాడేననుకున్నాను. ఎవరూ కాదనలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంట్లో దిబ్బరొట్టె తినడం అమ్మ పెట్టిన అలవాటు. మినప్పప్పు రుబ్బి, బియ్యపు రవ్వ కలిపి, ఇనప మూకుట్లో నూనె కాగాక పిండి మందంగా పోసి, మూత పెట్టి, కిందా పైనా నిప్పులతో కాల్చే రొట్టె అది. తొందరపడితే పాడైపోతుంది. పత్తికంప మంట భగ్గున లేచి చప్పున ఆరిపోతుంది, అది దీనికి పనికిరాదు. తుమ్మ మొద్దుల నిప్పులే కావాలి. మూత మీద కాస్త ఎక్కువ, అడుగున కాస్త తక్కువ. అమ్మ నన్ను కూర్చోబెట్టి నేర్పిందేం కాదు, పక్కన చేరి చూసి పట్టుకున్నాను. అమ్మ పోయాక కూడా ఆదివారం రొట్టె మానలేదు. నాన్నా నేనూ ఒకే పళ్లేనికి అటొకరం ఇటొకరం కూర్చుని, బెల్లప్పాకంలో ముంచుకుని తినేవాళ్లం. ఆ పూట ఆ ఇంటికి నేనే పెద్దదాన్ని.

అలాంటి ఇంట్లోకి వచ్చింది పిన్ని. గుంటూరు మిషను హాస్టల్లో పెరిగిన పిల్ల, ముందూ వెనకా ఎవరూ లేరు. ఒక అమెరికా దొరసాని బంగళాలో పిల్లల్ని చూసుకుంటూ వంటింట్లో సాయం చేసేదట. దొరసాని తమ దేశం వెళ్లిపోతూ ఈవిడకో దారి చూపించమని మా చర్చి పాస్టరుగారికి కబురు పెట్టింది. అయ్యగారు ఆ దారిని తిన్నగా మా ఇంటికి చూపించారు. పిన్నీ అని పిలవమన్నారు. పిలిచాను. పిలవడానికి నా సొమ్మేం పోయింది?

ఆవిడ చెడ్డదైతే నాకు హాయిగా ఉండేది. పాలెంలో ఆడవాళ్లంతా నా పక్షాన చేరి, సవతి తల్లి పోరు పడలేకపోతోంది పాపమని ముక్కున వేలేసుకునేవాళ్లు. ఆ భాగ్యం కూడా దక్కనివ్వలేదు. వచ్చిన వారంలోనే నా తలకు నూనె రాసి జడ వేయబోయింది. నేను తల విదిలించుకుంటే నొచ్చుకోకుండా నవ్వింది. ఆ నవ్వు చూస్తే ఇంకా మండేది. ఆవిడ జడ బారెడు, మెడ పొడుగు, మాటల మధ్య ఇంగ్లీషు ముక్కలు. ఇక నాన్న సంగతి చెప్పనక్కర్లేదు. వారానికోసారి గీసుకునే గడ్డం రోజూ గీసుకునేవాడు. బడినుంచి వచ్చి గుమ్మంలో, "అమ్మాయ్, మంచినీళ్లు" అనే మనిషి, "ఏమోయ్, ఎక్కడున్నావ్?" అనడం మొదలుపెట్టాడు. ఆ ఏమోయ్ నన్ను కాదు. కొత్త వింత, పాత రోత అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. కాకపోతే ఆ సామెతలో పాత నేనవుతానని అనుకోలేదు.

ఆవిడ పెట్టెలో, దొరసాని వెళ్తూ వెళ్తూ ఇచ్చిన మైదాపిండి సంచీ ఒకటి, పసుప్పచ్చటి ఛీజు ఉన్న రేకు డబ్బా ఒకటి ఉన్నాయి. మిరపకాయలు కళ్లాల్లో ఎండుతూ ఊరంతా తుమ్ములతో ఉన్న రోజులవి. ఒక శనివారం సాయంత్రం ఆవిడ ఆ డబ్బా చేత్తో పట్టుకుని నాన్న దగ్గరికి వచ్చింది.

"రేపు మీకు పిజ్జా చేసి పెడతానండీ."

"అదేం తిండి?" అన్నాడు నాన్న.

"రొట్టేనండీ. దొరసాని వాళ్ల పిల్లల పుట్టినరోజులకి చేసేవాళ్లం. పైన టమాటా గుజ్జు రాసి, ఛీజు పరిచి కాలుస్తారు."

"రేపు ఆదివారం. మనింట్లో దిబ్బరొట్టె," అన్నాను నేను.

నాన్న నా వంక చూడను కూడా చూడకుండా, "అది వారం వారం తినేదేగా అమ్మాయ్. ఒక్కసారికి ఇదేందో చూద్దాం" అన్నాడు. పైగా అయ్యగారిని కూడా భోజనానికి పిలుస్తానన్నాడు. అప్పటికే నేను మినప్పప్పు నానబోసి ఉన్నాను. గిన్నె ఎత్తుకెళ్లి ఆ పప్పంతా కోళ్ల ముందు పారబోశాను. కోళ్లు మటుకు సంతోషించాయి.

తెల్లవారేసరికి పిన్ని ఇంట్లో లేదు. కాసేపటికి చేతిలో ముంతతో, పైట కొంగు దానిమీద కప్పుకుని దొడ్డిదారిన వచ్చింది. కొంగు తియ్యగానే గుప్పుమంది.

"కల్లా!" అన్నాను.

"అప్పుడే దించిన తాటికల్లు. పిండి పొంగడానికి," అంది మైదాలో గుంట చేస్తూ. "బంగళాలో రొట్టెకి రోజూ పొద్దున్నే తెప్పించేవాళ్లు."

"ఇది బంగళా కాదు పిన్నీ. మా పాలెంలో కల్లు ఇంట్లోకి తెచ్చినోళ్లని ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వరు. నాన్న సంఘపెద్ద."

"తాగడానికా ఏంటే? రొట్టెలోకేగా. పైగా దొరసాని చేసిందే తప్పెట్టా అవుతుంది?"

చెప్పాల్సింది చెప్పాను. ఆపైన ఆవిడ ఇష్టం. నాన్నకు కోపం వస్తే ఎలా ఉంటుందో ఆవిడకింకా తెలియదు, నాకు తెలుసు. బలపం పోగొట్టుకున్న పిల్లల మీదే ఇంటికప్పు ఎగిరిపోయేలా అరిచే మనిషి. ఇవాళ తెలుస్తుందిలే అనుకున్నాను. ఆవిడ పిండిలో కల్లు పోసి, ఉప్పూ నూనే వేసి, పీట మీద పెట్టి పిడికిళ్లతో అదేపనిగా పొడిచింది. ముద్ద మెత్తబడి చేతికి అంటడం మానేసింది. చూడబుద్ధయ్యేంత నేర్పుగా చేసింది, అందుకే చూడకుండా టమాటాలు తరుగుతూ కూర్చున్నాను. కుండలో పెట్టి తడిగుడ్డ కప్పి చర్చికి బయల్దేరాం.

ఆ రోజు ప్రసంగం ఒక్క ముక్క నా చెవికెక్కలేదు. ఆడవాళ్ల వైపు నా పక్కన కూర్చున్న పిన్ని, మగవాళ్ల వైపు కూర్చున్న నాన్నని మధ్యమధ్య చూస్తోంది. నాన్న కూడా చూస్తున్నాడు, సంఘపెద్ద అయ్యుండి. చూసుకోండి, ఇంకెంతసేపులే, అనుకున్నాను. అయ్యగారు ప్రసంగం పొడిగిస్తున్న కొద్దీ ఇంటిదగ్గర కుండలో పిండి ఎండకి పొంగుతుంటుందని తెలిసి నాకు లోపల్లోపల పండగలా ఉంది.

ఇంటికి వచ్చి తలుపు తియ్యగానే వాసన ఎదురొచ్చింది. కుండ మీది గుడ్డని తోసుకుని పిండి బయటకి వచ్చి, నేలమీదకి జారి ఉంది. పక్కనే మిగిలిన కల్లుతో ముంత. నాన్న వెనకాలే లోపలికి అడుగుపెట్టిన అయ్యగారు పైగుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"ఏంటి పంతులుగారూ ఇది?"

"రొట్టెలోకండీ అయ్యగారూ..." అని మొదలుపెట్టింది పిన్ని.

"రొట్టెలోకి ముంతెడు కల్లేంటమ్మా! నేనడిగేది ఒకటే. దీన్ని ఈ ఇంట్లోకి తెచ్చిందెవరు?"

నేను నాన్న మొహం వంక చూశాను. నుదుటి మీద నరం ఉబ్బింది. ఇక విరుచుకుపడతాడు. ఆవిడకి నోరు పడిపోతుంది, ఇవాళ్టితో ఈ ఏమోయ్‌లు ఆగిపోతాయి. అప్పుడు నేను వెళ్లి ఆయనకు మంచినీళ్లిస్తాను.

"నేనే తెప్పించానండీ," అన్నాడు నాన్న.

అబద్ధం. బడిలో అబద్ధమాడిన పిల్లల చేత గోడకుర్చీ వేయించే మనిషి, దేవుడి మనిషి ఎదురుగా నిలబడి, తొణక్కుండా అన్నాడు. అయ్యగారు ఆయన్నీ ఆ ముంతనీ మార్చి మార్చి చూశారు. నమ్మారో లేదో గాని, "అయితే వచ్చే బల్లకి మీరు దూరంగా ఉండండి. మీ స్థానంలో ఉన్నవాళ్లకి నేను వేరే న్యాయం చెప్పలేను" అని మెల్లిగా అని, భోజనం చెయ్యకుండానే వెళ్లిపోయారు. సంఘమంతా కలిసి రొట్టే ద్రాక్షరసమూ పుచ్చుకునే ఆ ప్రభువు బల్లకు దూరం కావడమంటే పాలెమంతా చూస్తుండగా వెనక బెంచీలో తల వంచుకుని కూర్చోవడం. నాన్నకి అంతకంటే నామర్దా లేదు. దాన్ని ఆవిడ మీద పడనివ్వకుండా తను తలకెత్తుకున్నాడు. నా కళ్లల్లో ఎవరో నిప్పులు పోసినట్టయింది. నాకోసం ఇంతపని చేసేవాడా అని అప్పుడే అనుమానం పుట్టింది.

పిన్ని గోడకి ఆనుకుని ఏడుస్తోంది. నాన్న దగ్గరికి వెళ్లి, "ఊరుకో. పొంగిందిగా, ఇక చెయ్యి" అన్నాడు. అరవలేదు, కసరలేదు.

కాల్చడం దగ్గర ఆవిడకి దిక్కు తోచలేదు. బంగళాలో ఇనప పొయ్యి ఉండేదట, తలుపు తీసి లోపల పెట్టడమేనట. "నువ్వే చెప్పాలే అమ్మాయ్, నిప్పులెట్టా పెట్టాలో నాకు తెలీదు" అంది. అమ్మ మూకుడు దించాను. ఆ మూకుట్లో ఆవిడ రొట్టె పరుస్తుంటే నా చెయ్యి నేనే కాల్చుకున్నంత మండింది. కానీ నా నిప్పుల మీద రొట్టె మాడితే పోయేది నా పరువు. అందుకని తుమ్మ నిప్పులు ఏరి, ఎప్పటిలాగే మూత మీద ఎక్కువ, అడుగున తక్కువ పెట్టి విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను. పిన్ని వెల్లుల్లి, ఎండుమిరపకాయ వేసి ఉడికించిన టమాటా గుజ్జు మూత పెట్టకముందే రొట్టె మీద రాసింది. దానిమీద ఛీజు ముక్కలు పరిచింది. మూత తీసేసరికి అంచులు ఎర్రగా లేచి, మధ్యలో ఛీజు కరిగి బుడగలు తేలుతోంది. కల్లు వాసన పోయింది, బదులుగా నోరూరించే వాసన ఒకటి ఇల్లంతా కమ్ముకుంది. నోరు ఊరినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

పళ్లెం మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. ఇద్దరం కూర్చునే చోట ముగ్గురం. నాన్న ఒక ముక్క తుంచుకుని, నోట్లో పెట్టుకుని నమిలాడు.

"బాగుంది," అన్నాడు. పిన్ని వైపు తిరిగి, "చాలా బాగుంది" అన్నాడు మళ్లీ.

నా నోట్లో ముక్క అక్కడే ఆగిపోయింది. ఆ మాట మా నాన్న నోట నేను అంతవరకు వినలేదు. అమ్మ వండి, వడ్డించి, గుమ్మం పట్టుకుని నిలబడి ఆయన మొహం చూస్తూ ఉండేది. ఆయన తినేవాడు, చెయ్యి కడుక్కునేవాడు, బడికి పోయేవాడు. ఉప్పు తగ్గినప్పుడు మాత్రం చెప్పేవాడు. అమ్మ ఎదురుచూసిన ఆ మాట నాకూ రాలేదు. పోనీలే, కొందరు మనుషులంతే, మెచ్చుకోవడం చేతకాదు అని సరిపెట్టుకున్నాను. చేతనవునన్నమాట. ఇన్నాళ్లూ నోట్లోనే పెట్టుకుని ఉన్నాడన్నమాట.

"అమ్మకెప్పుడూ చెప్పలేదేం నాన్నా?" అన్నాను.

"ఏంటమ్మా?"

"బాగుందని."

నాన్న చేతిలో ముక్క పళ్లెంలో పెట్టేశాడు. నన్ను కసురుతాడనుకున్నాను. కసరలేదు. లేచి, చెయ్యయినా కడుక్కోకుండా దొడ్లోకి వెళ్లిపోయాడు. గుమ్మంలోంచి ఆయన వీపు కనిపిస్తోంది. గోడ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. కాసేపటికి భుజాలు కదిలాయి. కళ్లాల మీంచి వచ్చే మిరపఘాటు అనుకుందామంటే ఆ రోజు గాలి లేదు. అమ్మని పాతిపెట్టినప్పుడు కూడా నాన్న ఏడవగా నేను చూడలేదు.

పిన్ని లేవబోయి, లేవకుండా కూర్చుంది. వెళ్లాలో వద్దో తెలియలేదు. ఆయన వీపుకేసి చూసింది, తరవాత అమ్మ మూకుడుకేసి చూసింది. ఆ చూపు చూసి ఉలిక్కిపడ్డాను. పెళ్లినాటినుంచి నేను మోసుకు తిరుగుతున్నది ఆవిడ మొహంలో ఉంది. మూతి బిగుసుకుని, ముక్కుపుటాలు అదురుతున్నాయి. చెప్పాల్సిన మాటలన్నీ బతికున్న ఆవిడకి చెప్పి, ఏడుపు మాత్రం పోయినావిడ కోసం దాచిపెట్టుకున్నాడు మా నాన్న. ఆవిడకు దక్కనిది మా అమ్మకి దక్కింది. నాకు కడుపు నిండింది.

"మీ అమ్మ రొట్టె అంత బాగుండేదా?" అంది పిన్ని, ఇటు తిరక్కుండానే.

"ఇంతకంటే బాగుండేది."

ఆవిడ నాన్న వదిలేసిన ముక్కని పళ్లెం అంచుకి జరిపింది. ఛీజు అప్పటికే చల్లారి బిరుసెక్కింది.

"ఎట్టా చేసేదో నాకూ నేర్పవే," అంది.

"నేర్పను," అన్నాను.