కంప్యూటర్ కోడలు

మా ఇంట్లో నాకొక బిరుదు ఉండేది. కర్నూలు మార్కెట్ యార్డులో మా మామకు ఉల్లి మండీ ఉంది. మండీకి ఎవరొచ్చినా, పెళ్లిళ్లలో ఎవరు కలిసినా ఆయన నన్ను పేరుతో పరిచయం చేసేవాడు కాదు. "మా పెద్ద కోడలు. కంప్యూటర్ కోడలు" అనేవాడు. ఆ మాట వినబడగానే నేను చీర కొంగు సర్దుకుని, ఏమీ ఎరగనట్టు పక్కకు చూసేదాన్ని.

ఆ బిరుదు ఊరికే రాలేదు. హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాను. మేడ మీద గది నాది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ గదిలో కీబోర్డు కూడా చేతికి వేడిగా తగులుతుంది. మౌసు ముట్టుకోను. నల్ల తెర మీద అక్షరాలు తప్ప మరేమీ కనబడని పాత ఎడిటర్‌లోనే కోడు రాస్తాను. ఏ మీట ఎక్కడో నా వేళ్లకు తెలుసు, నన్నడిగితే వెంటనే చెప్పలేను. ఆఫీసులో ఆర్నెల్లకోసారి ఏదో కొత్త సాధనం వస్తుంది. అందరూ దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగుతారు. మళ్లీ ఆర్నెల్లకు దాని పేరెత్తేవాళ్లుండరు. ఏం కావాలో తెలిసినవాళ్లకు ఏ పనిముట్టయినా చాలునని నా నమ్మకం. ఈ మాట మీటింగుల్లో చాలాసార్లు చెప్పి చాలామందిని విసిగించాను కూడా.

ఒక ఎండాకాలం మామ అడిగాడు. "రైతులు రేటు కోసరం ఊరికే ఫోన్లు చేస్తాండారు. ఫోన్లోనే కనపడేట్ల ఏదన్నా చెయ్యి తల్లీ."

"చేస్తా మామా. కానీ పద్ధతిగా చెయ్యల్ల" అన్నాను.

పద్ధతిగానే మొదలుపెట్టాను. ధరలు ఎక్కడ దాచాలి, రేపు కడప యార్డు కూడా కలిస్తే ఏం చేయాలి, ఒకేసారి వందలమంది చూస్తే తట్టుకుంటుందా, అన్నీ ఆలోచించాను. ఆదివారాలన్నీ దానికే ధారపోశాను. మరో ఎండాకాలం వచ్చింది. నేనింకా పునాదుల్లోనే ఉన్నాను.

అప్పుడు మా తోటికోడలు రంగంలోకి దిగింది. ఆమెది బద్వేలు. బీకాం చదివింది, కోడు ముఖం చూసి ఎరగదు. తన ల్యాప్‌టాప్‌లో, మాటల్లో చెబితే చాలు కోడు రాసిపెట్టే ఏఐ సాధనం ఒకటి పెట్టించుకుని, హాల్లో కూర్చుని దానితో మాట్లాడడం మొదలుపెట్టింది. కూరగాయల బండివాడితో బేరమాడినట్టే మాట్లాడేది.

"ఏందప్పా నువ్వు, చెప్పిందే చెప్పిచ్చుకుంటాండావు. బటను పెద్దదిగా పెట్టమంటి కదా. మా మామకు కండ్లు సరిగా కనపడవు."

నేను మెట్ల మీద నిలబడి నవ్వుకున్నాను. వారం తిరక్కుండా నా నవ్వు ఆగిపోయింది. ఆమె చేయించిన యాప్‌లో పంటల బొమ్మలు వరసగా ఉన్నాయి, ఏ బొమ్మ నొక్కితే ఆ పంట ధర వస్తోంది. పొద్దున మామ మండీలో కూర్చుని ఆనాటి ధర అందులో ఎక్కిస్తే, ఆ నిమిషమే పల్లెల్లో ఫోన్లలో కనబడుతోంది. యార్డులో మామ పక్క మండీలవాళ్లను పిలిచి మరీ చూపించాడు. వాళ్లు ముక్కున వేలేసుకున్నారట. ఆ సంగతి భోజనాల దగ్గర ఆయన చెబుతుంటే నేను మజ్జిగ వంకతో లేచి వంటింట్లోకి పోయాను.

దాచడమెందుకు, కడుపు మండిపోయింది. ఇన్నేళ్ల నా చదువు, నా ఆదివారాలు, నా నల్ల తెర ఒక పక్క. ఆమె కబుర్లు ఒక పక్క. ఆమె రాయించిన కోడు తెప్పించుకుని భూతద్దం పెట్టినట్టు చూశాను. అక్కడక్కడా అతుకులున్నాయి కానీ మరీ తీసిపారేసేలా లేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది. ఆఫీసులో కూడా ఇలాంటి యంత్రం రాసింది చదివి తప్పులు ఏరడమే ఇప్పుడు నా ఉద్యోగం. అక్కడ జీతమిస్తున్నారు కాబట్టి ఊరుకున్నాను. ఇంట్లో కూడా అదే ఎదురుపడితే ఎలా ఊరుకునేది?

కొన్నాళ్లకు మామకు ఇంకో కోరిక పుట్టింది. చదువురాని రైతులున్నారు, నోటితో అడిగితే ధర చెప్పాలి అన్నాడు. తోటికోడలు యంత్రానికి చెప్పింది, అది మైకు పెట్టింది. మర్నాడే ఒక రైతు ఫోను పట్టుకుని మండీకి వచ్చాడు.

"ఏమప్పా, నేను ఎర్రగడ్డ రేటు అడిగితే ఇది గజాల లెక్కన చెప్తాండాది."

మా సీమలో ఉల్లిపాయను ఎర్రగడ్డ అంటాం. హైదరాబాదులో ఎర్రగడ్డ ఒక పేట. రైతు అడిగింది క్వింటాలు ఉల్లి ధర, అది చెప్పింది ఆ పేటలో స్థలం ధర. యార్డంతా నవ్వుకుంది. "గడ్డలమ్మి యాడ కొనేది మామా ఆ జాగా" అని హమాలీలు కూడా ఆటపట్టించారు. సంగతి తెలిసి నేను పైకి అయ్యో అన్నాను, లోపల పండగ చేసుకున్నాను.

తోటికోడలు దాన్ని నాలుగు తిట్టి, "ఎర్రగడ్డ రేటు సరిగ్గా చెప్పు" అంది. అది బుద్ధిగా తూర్పు వాకిలి స్థలానికి ఒక ధర, పడమటి వాకిలికి ఒక ధర విడివిడిగా చెప్పింది. ఆమె ముఖం చిన్నబోయింది. చివరికి మామ మెట్ల కింద నిలబడి నన్ను కేకేశాడు.

నేను తీరిగ్గా దిగాను. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, కోడు పైనుంచి కిందికి చదివాను. కాఫీ చల్లారకముందే దొరికింది. యంత్రం పంటల పేర్లన్నీ పుస్తకాల తెలుగులో రాసుకుంది. అందులో ఉల్లిపాయ ఉంది, ఎర్రగడ్డ లేదు. తనకు తెలియని మాట వినబడితే ఇంటర్నెట్‌లో వెతికి దొరికింది చెప్పేస్తోంది. వేరుశనగను మేము బుడ్డలంటాం, దానికీ అదే గతి పట్టేది. మా మాటలన్నీ చేర్చాను, ఆ వెతుకులాట తీసేశాను. మామ ఫోను నోటి దగ్గర పెట్టుకుని "ఎర్రగడ్డ" అన్నాడు. క్వింటాలు ధర పలికింది.

జారిపోతున్న బిరుదు మళ్లీ నా దగ్గరికే నడిచొస్తున్నట్టు అనిపించింది. ఆ సాయంత్రం కడప నుంచి మామ స్నేహితుడొకాయన వచ్చాడు. మామ మా ఇద్దరినీ పిలిచాడు. తోటికోడలి వైపు చెయ్యి చూపి, "ఈ పాప మా కంప్యూటర్ కోడలు. అంతా ఈమే చేసింది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, ఎంతో ప్రేమగా, "ఈమె శానా గట్టిది. ఎట్లా చెడిపోయినా సరిజేస్తాది. రిపేరు కోడలు" అని నవ్వాడు. వచ్చినాయనా నవ్వాడు. నేనూ నవ్వాల్సి వచ్చింది.

వంటింట్లోకి పోయి కత్తిపీట ముందేసుకుని ఎర్రగడ్డలు తరగడం మొదలుపెట్టాను. కళ్లు తుడుచుకోడానికి అదొక వీలు. తోటికోడలు వచ్చి పక్కన కూర్చుంది.

"అక్కా, మామ అట్లంటాడు గానీ, అది ఏం రాస్తాందో నాకు ఒక్క ముక్క తెలీదు. నువ్వు చూస్తానే పట్టినావు. నాకు శానా కుళ్లుగా ఉండాది. నీ మాదిరి ఆ నల్ల తెరలో చదివేది నాకు నేర్పిస్తావా?"

బిరుదు తీసుకుంది. నా దగ్గర మిగిలింది ఆ చదవడం ఒక్కటే. అదీ ఇంత నెమ్మదిగా, ఇంత మంచిగా అడుగుతోంది.

"నేర్పిస్తాలే" అన్నాను. ఎప్పుడని ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు.