బంగళా సినిమాకి హాలెందుకు నవ్వింది

ఉద్యోగం చివరి ఏడాది అమలాపురం డివిజన్ స్టాఫ్ రిపోర్టరుగా ఉన్నాను. ఆ చలికాలంలో ఆదివారం అనుబంధం డెస్కు ఒక పని అప్పగించింది: మన ప్రాంతంలో తీసిన, అందరూ మరిచిపోయిన ఒక నలుపు తెలుపు, భయపెట్టే బంగళా సినిమా గురించి అరపేజీ. దర్శకుడు సత్యనారాయణగారు మలికిపురంలో ఉంటున్నారు. ఎనభై దాటాయి. ఆ సినిమా మొదట సఖినేటిపల్లిలో ఆడింది. నవ్వులపాలైందన్న మాట పాకి, మిగతా ఊళ్ల హాళ్లవాళ్లు వద్దన్నారు. అప్పట్లో మద్రాసులో ఉన్న ఆయనకి ఆ కబురే అందింది, మరో అవకాశం రాలేదు.

ఆయన ఒక్క షరతు పెట్టారు. "భయపడాల్సిన చోట మనవాళ్లు ఎందుకు నవ్వేరో కనుక్కుని రాయండి. అది తెలీకుండా పోవడం నాకిష్టం లేదండి."

ముందు సినిమా చూశాను. ఆయన దాచుకున్న ప్రింటును కంప్యూటర్లోకి ఎక్కించారు. లంకలో పాడుబడ్డ బంగళా, పెచ్చులూడిన గోడల మీద కొబ్బరాకుల నీడలు. పన్నెండో రీలులో మాటల్లేవు. కోడలు లాంతరుతో ఒక్కో గదీ దాటుతుంది. చివరి గదిలో, చనిపోయిందని భర్త నమ్మించిన అత్తగారు గొలుసులతో, ప్రాణాలతో ఉంటుంది. దీనికా జనం నవ్వింది?

అప్పట్లో సఖినేటిపల్లి హాల్లో ప్రొజెక్టరు నడిపిన ఆపరేటరు వెంకన్నగారిని దర్శకుడి ఇంటికే తీసుకెళ్లాను.

"గుర్తు లేకేమండీ!" అన్నాడాయన హుషారుగా. "చచ్చిపోయిన అత్తగారు ఉన్నట్టుండి కంచం ముందు కూర్చుని పప్పన్నం తింటాదండి. 'అత్తా, నెయ్యెయ్యమంటావా?' అని హాలంతా ఒకటే అరుపులు."

ఆవిడ బతికే ఉందని ముందు రీలులో చూపించాను కదా అన్నారు సత్యనారాయణగారు.

"ఆయ్, ఆ రీలు వెయ్యలేదండి. సినిమా పొడుగైపోయింది. నర్సాపురం జనానికి గోదారి దాటే ఆఖరి పంటు ఎల్లిపోద్ది కదండీ! పంటు తప్పితే నన్ను చితక్కొట్టేత్తారు. రీలు అంచున సౌండు గీత చూసేను, అందులో మాటల్లేవు, పాటల్లేవు, పోతే ఏం పోయిందని తీసేసేనండి."

"ఎన్నాళ్లు?" అడిగాను.

"ఆడినన్నాళ్లూనండి."

సత్యనారాయణగారు ఆ రీలు పెట్టించి, "కూర్చోండి, చూద్దురుగాని" అన్నారు.

వెంకన్నగారు దాన్ని ఆడుతుండగా చూడటం అదే మొదలు. లాంతరు చివరి గది గుమ్మం దాటేసరికి కాళ్లు కుర్చీ మీదికి లాక్కుని, "అమ్మ బాబోయ్" అన్నాడు. దర్శకుడు సినిమా చూడటం లేదు, వెంకన్నగారి ముఖమే చూస్తున్నారు.

ఆడని సినిమా గురించి రాసేటప్పుడు మేం ప్రేక్షకుల్ని అడుగుతాం, పంపిణీదారుల్ని అడుగుతాం. తెర మీదికి ఎన్ని రీళ్లు వెళ్లాయో ప్రొజెక్టరు గదిలో అడగాలి. అది అందరికంటే ముందు అడగవలసిన ప్రశ్న.