పెద్దమ్మ పేపరు, నేను బయటపెట్టిన పేరు

మా చిన్నప్పుడు... ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తినగానే, షోలాపూర్ నీలం నగర్‌లో మా గల్లీ ఆడవాళ్ళంతా చాటలు పట్టుకుని పెద్దమ్మ ఇంటి ముందు చేరేవాళ్ళు. చాటల్లో కత్తిరించిన తునికాకు, తంబాకు. చేతులు బీడీలు చుడుతుంటే చెవులు మాత్రం నా వైపు! పెద్దమ్మ వేసే వారపత్రికను పైకి చదివి వినిపించేది నేనే మరి. అప్పుడు నాకు పదకొండేళ్ళు...

పేపరు పేరు 'మన వాడ'. నాలుగే పేజీలు. పెద్దనాన్న మొదలుపెట్టాడు. ఆయన పోయాక, ఆడదానివి నీకెందుకమ్మా పేపరు, అచ్చు మిషన్ అమ్ముకో అని అందరూ చెప్పారు. మా పెద్దమ్మ వింటేనా! వార్తలు తనే రాసేది, సీసపు అక్షరాలు తనే పేర్చేది, ఆ ట్రెడిల్ మిషన్ తనే తొక్కేది. ఎంత రుద్దినా ఆ వేళ్ళ నలుపు పోయేది కాదు.

మా బడులన్నీ మరాఠీ. అందుకే వాడంతా తెలుగు మాట్లాడేవాళ్ళే గానీ చదవగలిగినవాళ్ళు పిడికెడు మంది. నాకు తెలుగు చదవడం పెద్దమ్మే నేర్పింది. అబ్బో, నాకెంత పొగరో! మధ్యలో ఆపేసి, మంచినీళ్ళు తెస్తేనే చదువుతా అని పెద్దవాళ్ళకే పని చెప్పేదాన్ని.

ఒక ఎండాకాలం... మా గల్లీ చివర పవర్‌లూమ్ షెడ్డు పట్టపగలే అంటుకుంది. లోపల ఇద్దరు కాలిపోయారు. ఇద్దరూ మాకు తెలిసినవాళ్ళే. తలుపు తెరిచే ఉంది, బట్ట కాపాడబోయి పోయారు అన్నాడు షెడ్డు సేటు. ఊరంతా అదే మాట.

మూడో రోజు లచ్చవ్వ అత్త ప్రెస్సుకు వచ్చింది. ఆ షెడ్డుకు ఎదురిల్లే ఆమెది. నేను మూలన కూర్చుని, అచ్చయిపోయిన అక్షరాలను విడదీసి గళ్ళపెట్టెలో వేస్తున్నాను.

"అక్కా, ఒట్టు, ఖరంగ చెప్తున్న... బయట తాళం ఉండె. నా కండ్లతోటి చూసిన. చాయ్ తాగనీకి పోతరని సేటు రోజూ ఏస్తడు. లోపల్నుంచి తలుపు కొడుతనే ఉన్నరు అక్కా..." కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నా పేరు మాత్రం రాయకు. మా ఆయన గూడ మగ్గం మీదనే బతుకుతున్నడు."

"నీ పేరు ఈ గడప దాటది లచ్చవ్వా," అంది పెద్దమ్మ. ఆమె వెళ్ళాక నా వైపు తిరిగింది. "బిడ్డా, ఈడ విన్నది ఈడనే మర్చిపోవాలె. తెల్సిందా?"

తల ఊపాను.

ఆ వారం తాళం సంగతి మొదటి పేజీలో వచ్చింది. కళ్ళారా చూసినవారు చెప్పారని రాసింది, అంతే. పోలీసులు మళ్ళీ వచ్చి తలుపు గడియ చూసి వెళ్ళారు కూడా.

ఆదివారం ఆ వార్త చదువుతుంటే బీడీలు చుట్టే చేతులు ఆగిపోయాయి. లచ్చవ్వ అత్త ఆ రోజు రాలేదు. చదవడం అయ్యాక అందరూ లేచి వెళ్ళారు. ఆ షెడ్డులో పనివాళ్ళ మీద పెత్తనం చేసే ముకాదం భార్య మాత్రం చాట సర్దుకుంటూ కూర్చుంది. పెద్దమ్మ లోపలుంది.

"ఎవలు చూసిండ్రు బిడ్డా? మీ పెద్దమ్మ ఉత్తగనే రాసినట్టుంది," అంది మూతి తిప్పుతూ.

మా పెద్దమ్మ అబద్ధాలు రాస్తుందా! నాకు ఒళ్ళు మండింది.

"ఉత్తగేంది? లచ్చత్త చూసింది! నా ముంగటనే చెప్పింది!"

నా నోరు పడిపోను... అనేశాను.

"అట్లనా బిడ్డా," అని నా తల నిమిరి వెళ్ళిపోయింది.

మూడు రోజుల్లో లచ్చవ్వ అత్త భర్తను, ఆయన పనిచేసే కుమఠా నాకా షెడ్డులోంచి తీసేశారు. ఇంకే షెడ్డుకు వెళ్ళినా పని లేదు పో అన్నారు. సేట్లంతా ఒక్కటయ్యారు. పోలీసులు అడిగితే తాళం గీళం నేనేం చూడలేదని చెప్పింది అత్త. అయినా పని దొరకలేదు. పదిహేను రోజులకు మూటలు కట్టుకుని, పిల్లల్ని తీసుకుని, ముంబై దగ్గర మగ్గాలుండే భివండీకి బయలుదేరారు.

పోతూ పోతూ ప్రెస్సు గుమ్మంలో నిలబడింది. "నమ్మి చెప్తి గదక్కా! నా పిల్లల నోట్ల మన్ను కొడితివి గదా!"

నేను తలుపు వెనకే ఉన్నాను. నేను కాదు అని పెద్దమ్మ ఒక్క మాటంటే చాలు. నా వైపు ఒకసారి చూసింది... "తప్పు నాదే లచ్చవ్వా," అంది. అత్త గుమ్మం మీద ఉమ్మేసి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆదివారాలు ఎవరూ రాలేదు. నల్లా దగ్గర పెద్దమ్మ కనిపిస్తే మాటలు ఆగిపోయేవి. ఆమెకు చెబితే పని పోతుందని భయం. చెప్పేవాళ్ళు లేని పేపరు ఎన్నాళ్ళు నడుస్తుంది? కొన్నాళ్ళు పెళ్ళి కబుర్లు, చావు కబుర్లు వేసింది. తర్వాత ఒక రోజు ట్రెడిల్ మీద గోనెసంచి కప్పేసింది. తనూ చాట ఒళ్ళో పెట్టుకుని, ఇంట్లో ఒక్కతే కూర్చుని బీడీలు చుట్టుకుంటూ బతికింది. ఇద్దరు చచ్చిపోయినందుకు ఎవరికీ ఏ శిక్షా పడలేదు.

చాలా ఏళ్ళకు, పెద్దమ్మ మంచం పట్టినప్పుడు, ధైర్యం చేసి చెప్పాను. "పెద్దమ్మా, ఆ రోజు పేరు చెప్పింది నేనే."

"నాకెరుకే తియ్యి."

"మరి లచ్చత్తకెందుకు చెప్పలే?"

"పసిపోరివి... ఒక్క పేరు దాయలేకపోతి. రెండోదన్నా దాయొద్దానే?"

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లు... ఎక్కడ షెడ్డు అంటుకున్నా ఐదు నిమిషాల్లో లోకమంతా చూస్తుంది. చదివి వినిపించే పిల్ల అవసరం ఎవరికీ లేదు. తాళం ఎవరు వేశారో చూసినవాళ్ళు మాత్రం ఇప్పటికీ పేరు రాయొద్దనే బతిమాలుతారు.

మీ వాడల్లోనూ ఇలాంటి పేపరు, ఇలాంటి మనిషి ఉంటే రాయండి, చదువుతాను. భివండీలో ఉన్నవాళ్ళకు మాత్రం ఒక మనవి... షోలాపూర్ నుంచి వచ్చిన లచ్చవ్వ పిల్లలు ఎవరైనా మీకు తెలిస్తే, ఒక్క మాట చేరవేయండి. మీ అమ్మను ముంచింది మా పెద్దమ్మ కాదు... నేను.