టీచరమ్మ ఫొటోకు బొట్టు

ముందే ఒప్పేసుకుంటున్నాను. నా చేతిలో పడితే చీమకు కూడా తొండం మొలుస్తుంది. కాబట్టి నేను చెప్పే అంకెలన్నీ పదో వంతు చేసుకుని చదవండి. మొన్న దసరాకు ఇల్లు దులుపుతూ మా ఆవిడ గోడమీది దేవుళ్లందరికీ వరసగా బొట్లు పెట్టుకుంటూ వచ్చింది. ఆ ఊపులో నా బహ్రెయిన్ రోజుల గ్రూపు ఫొటో మీదికీ కుంకుమ వేలు చాచింది. నాలుగు వీధుల అవతల కుక్కలు లేచి మొరిగేంత గట్టిగా అరిచాను. "బతికున్నోళ్లకు పెడతవా?" ఆ అరుపు వెనక ఏముందో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా గది బహ్రెయిన్‌లోని నయీమ్ అనే పేటలో ఉండేది. ఎనిమిది మంది పట్టే గదిలో ఎనభై మందిమి ఉండేవాళ్లం. అస్కర్‌లో నేను డ్యూటీ చేసే చోట గేటు కాపలాదారు ఘనా దేశస్థుడు, నా ఈడువాడు. ఎంత పొడుగంటే, మా గదిలోకి రావాలంటే తలను ముందు పంపి, మిగతా శరీరాన్ని తర్వాత పిలిపించుకోవాలి. ఘనా అన్న అనేవాళ్లం. వాళ్ల పల్లెలో రేకుల బడి, ఆ బడికి ఒకే టీచరు, ఆమె వాళ్ల అక్క. పిల్లలకు రాసుకోవడానికి కాగితం లేదని అతను క్యాంపు హిందీలో చెప్పిన రోజే మా బడి సంఘం పుట్టింది. ఆఫీసుల్లో పారేసే పాత డైరీలను హైదరాబాదీ డ్రైవర్ భాయ్ పికప్‌లో మోసుకొచ్చేవాడు. రాసిన పేజీలు చింపేసి, తెల్లవి దొంతి పెట్టి ఇస్తే, మా జగిత్యాల మేస్త్రీ కాకా దబ్బనంతో కుట్టి నోటుపుస్తకాలు చేసేవాడు. శుక్రవారం నమాజు అయ్యాక ఘనా అన్న మా గది నుంచే కార్డు గీకి ఫోన్ చేస్తే, అక్కడ బడి నడుస్తుండగానే టీచరమ్మ మాట్లాడి, ఏం కావాలో చెప్పేది. ప్రతిసారీ చివర్లో ఒక నవ్వు.

నోటుపుస్తకాల మొదటి పెట్టె సెలవుకు వెళ్తున్న వాళ్ల దేశస్థుడితో బయల్దేరే శుక్రవారం రానే వచ్చింది. బయట దుమ్ము లేచి, పట్టపగలే ఆకాశం పాత కాగితంలా పచ్చబడింది. మేస్త్రీ కాకా కొత్త డ్రిల్లుకైనా పసుపు కుంకుమ పెట్టనిదే స్విచ్ వేయడు. పెట్టెకు పెట్టాడు, దబ్బనానికి పెట్టాడు, అదే చేత్తో, ఘనా అన్న మా గది గోడకు అంటించిన టీచరమ్మ ఫొటో నుదుటన కూడా పెట్టాడు. పెట్టెకు చుట్టగా మిగిలిన మూరెడు మల్లెపూలు ఆ ఫొటోకే తగిలించి దండం పెట్టుకున్నాడు.

డ్రైవర్ భాయ్ చాయ్ గ్లాసు కింద పెట్టి లేచాడు. "అరే కాకా, క్యా కియే? జిందా మనిషికి దండ ఏస్తరా?"

"సరస్వతి లెక్క కనవడ్తుంటె ఏసిన్రా," అన్న కాకా మొహం అప్పటికే సున్నం కొట్టినట్టయింది.

పూలు తీసేశాం. బొట్టు పోలేదు. తడిగుడ్డతో తుడిచినకొద్దీ కుంకుమ కాగితంలోకి ఇంకి, నుదురంతా ఎర్రబడింది. అంతలో ఘనా అన్న వచ్చాడు. "ఈ ఎరుపేంటి?" అని అడిగితే, "దీవెన" అన్నాడు కాకా.

అతను ఫోన్ కలిపాడు. ఎత్తారు, హలో అనలేదు. ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు పిల్లలందరూ ఒకే గొంతుతో రెండో ఎక్కం అప్పజెబుతున్నారు. పదో మెట్టు దాకా వచ్చి, గప్‌చుప్. లైను తెగింది. రెండో శుక్రవారమూ అదే ఎక్కం, అదే నిశ్శబ్దం. కాకా తిండి మానేశాడు. "నేనే సంపిన్రా ఆమెను," అని గోడకేసి గొణిగేవాడు. ఘనా అన్నకు చెప్పే ధైర్యం ఎనభై మందిలో ఒక్కడికీ లేదు.

మూడో శుక్రవారం ఫోన్ అటునుంచే మోగింది. టీచరమ్మ! జ్వరం తగ్గిందట. మా గదిలోంచి మల్లెపూల వాసన వస్తోందని చెప్పి పకపకా నవ్వింది.

ఇక ఒప్పుకోవాలి. అంకెల సంగతి చెప్పనే చెప్పాను. పూర్తిగా కల్పించింది ఆ నవ్వొక్కటే. మూడో శుక్రవారం మాట్లాడింది వాళ్ల ఊరి పెద్దమనిషి. జ్వరం టీచరమ్మను తీసుకుపోయింది. తమ్ముడికి చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదట. టీచరు లేకపోయినా పిల్లలు రోజూ వచ్చి కూర్చుంటున్నారు. బల్ల మీది ఆమె ఫోను మోగితే ఎవరో ఒకరు నొక్కి, ఏం చెప్పాలో తెలియక, వచ్చిన ఎక్కం చదివేవాళ్లట.

"ఏ రోజు పోయిందో అడుగు," అన్నాడు కాకా, ఫోన్ పట్టుకున్న ఘనా అన్నతో.

మేం దండ వేసిన శుక్రవారానికి ముందు బుధవారం.

కాకా హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నాడు. పీల్చుకున్నందుకు భోరున ఏడ్చాడు. బొట్టూ దండా సంగతంతా మా నోట విన్న ఘనా అన్న ఆ ఎర్రటి నుదుటి వైపు చూసి, "పూలు మళ్లీ వెయ్, కాకా" అన్నాడు.

మాకెవరికీ తెలియనిది మూరెడు మల్లెపూలకు ఎలా తెలిసిందో నాకు నేటికీ అంతుబట్టదు. దూరదేశంలో బతికేవాళ్లకు కాలం వరసగా అందదు. ముందు దండ పడుతుంది, ఆ తర్వాత కబురు వస్తుంది, ఏడుపు మాత్రం ఏ ఇరవై ఏళ్లకో, దసరా దులుపుళ్లలో అరుపై వస్తుంది.