దండ పడిన దొరసాని

పాత హాలీవుడ్ తారల ఫోటోలు సేకరించడం నా పిచ్చి. అన్నీ నలుపు తెలుపువే, ఇన్నాళ్లూ బీరువాలో చీరల అడుగునే ఉన్నాయి. వాటిలో నాకు బాగా ఇష్టమైన ఒక హీరోయిన్ ఫోటోని హాల్లో పెట్టుకుందామని ఆమదాలవలసలో ఫ్రేము కట్టడానికి ఇచ్చాను. ఈ రోజు తెచ్చుకోవడానికి వెళ్తే, అద్దం మీద ఎర్రటి బొట్టు, చుట్టూ ప్లాస్టిక్ దండ!

“పాత ఫోటో కదమ్మా, పోయినోలదనుకున్నాను” అన్నాడు షాపాయన.

ఇంటికొచ్చి మేకు కొడుతుంటే మా అత్తగారు అడ్డం వచ్చారు. “ఎవులీ దొరసాని? మనకేటవుతాదని హాల్లో పెడతన్నావు?”

“మీ అబ్బాయి అభిమాన హీరో మా పెళ్లికి ముందు నుంచీ ఈ గోడ మీదే ఉన్నాడు కదత్తా. ఆయన మనకేటవుతాడు?” అన్నాను.

ఆవిడ ఆ పోస్టరు వైపు ఒకసారి చూసి, “ఆ దండైనా తీసీయ్” అని లోపలికి వెళ్లిపోయారు.

దండ తీసేశాను. బొట్టు మాత్రం ఉంచాను, దొరసానికి బాగుంది. సాయంత్రం మావారు వచ్చి, తన హీరోని కాస్త పక్కకి జరిపానని మొహం మాడ్చుకున్నారు. మాడ్చుకోనివ్వండి.

మీ హాల్లో మీకు నచ్చినవాళ్ల ఫోటో ఒక్కటైనా ఉందా? ఉంటే కామెంట్లో పెట్టండి. లేకపోతే ముందు మేకు కొట్టండి.