కాలా బరఫ్

పోర్ట్ బ్లెయిర్‌లో ఓడ టికెట్లు ఇచ్చే కౌంటర్లలో చివరిదాని వెనక లీదియా పదిహేనేళ్లుగా కూర్చుంటోంది. ఎదురుగా అద్దం, అద్దానికి గుండ్రటి కన్నం. ఆ కన్నంలోంచి రోజంతా గొంతులు లోపలికి వస్తూనే ఉంటాయి. హిందీ, బెంగాలీ, తమిళం, తెలుగు, ఏ భాషలోనైనా అడిగేది ఒకటే. సీటుందా, ఎందుకు లేదు, ఓడ ఎందుకు కదలదు. సముద్రం బాగోలేని రోజున సముద్రాన్ని ఏమీ అనలేరు గనక ఆమెను అంటారు. సాయంత్రం షాదీపూర్‌లో మేడ మీది రెండు గదుల ఇంటికి చేరేసరికి, ఎవరైనా "అన్నం తిన్నావా" అని అడిగినా ఆమెకు ఏడుపొచ్చేంత విసుగుగా ఉండేది.

అప్పుడు హెడ్‌ఫోన్ పెట్టుకునేది. అందులో ఆమె వినేది మెటల్ సంగీతం. గిటార్లు రాళ్లు దొర్లినట్టు మోగుతాయి, పాడేవాడు అరుస్తున్నాడో ఏడుస్తున్నాడో తెలియదు. అంత గోలలోనూ ఎవరూ ఆమెను ఏమీ అడగరు. అందుకే ఆమెకది హాయి.

భర్త ప్రవీణ్ కుమార్ దీవుల మధ్య తిరిగే ఓడలో ఇంజను గదిలో పనిచేసేవాడు. నెలలో సగం రోజులు నీళ్ల మీదే. ఇంటికొచ్చి ఆమెను అలా చూసి, "నేనేమో ఇంజను గోల తప్పించుకుని ఇంటికొస్తాను. నువ్వేమో దాన్ని చెవుల్లోనే పెట్టుకుంటావు" అనేవాడు. కానీ హెడ్‌ఫోన్ పాడైతే బాగు చేసి పెట్టేది కూడా అతనే.

ఈ పిచ్చి ఆమెకు కాలేజీ రోజుల్లో పట్టింది. విశాఖపట్నం నుంచి చూడ్డానికి వచ్చిన పెద్దమ్మ కొడుకు నాగబాబు ఒక సీడీ మరిచిపోయి వెళ్లాడు. అది పేరున్న బృందానిది కాదు. ఎక్కడో నలుగురు కుర్రాళ్లు ఇంటి వెనక గదిలో రికార్డు చేసి, స్నేహితులకు పంచుకున్నది. అండర్‌గ్రౌండ్ అంటే అదేనని తర్వాత తెలిసింది. దుకాణంలో దొరకదు, రేడియోలో రాదు, ఒకరు చెబితేనే ఇంకొకరికి తెలుస్తుంది. అలా చెప్పేవాళ్లలో తానూ ఒకతె కావాలనుకుంది లీదియా. ఇంటర్నెట్‌లో ఒక పేజీ పెట్టింది. ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధన ముగించుకుని వచ్చి, ఆ వారం కొత్తగా పాటలు విడుదల చేసిన బృందాలేవి, ఏ ఊళ్లో ఏ హాల్లో ఎవరు వాయిస్తున్నారు అన్నది సగం హిందీలో సగం ఇంగ్లీషులో రాసేది. షిల్లాంగ్ నుంచి, గౌహతి నుంచి, ఖాట్మండు నుంచి చదివేవాళ్లు. "దీదీ, మీరు చెప్పబట్టి ఆ ప్రదర్శనకు వెళ్లాం" అని రాసేవాళ్లు. ఆమె మాత్రం జన్మలో ఒక్క ప్రదర్శనకూ వెళ్లలేదు. ఉన్నవన్నీ సముద్రానికి అవతల. సెలవు దొరికితే ఓడ ఉండదు, ఓడ ఉంటే సెలవు దొరకదు.

మొదట్లో దీవుల్లో నెట్టు ఎంత నీరసంగా ఉండేదంటే, ఒక పాట దిగడానికి పెట్టి వంట చేసుకుని, తిని, గిన్నెలు తోముకుని వచ్చినా సగమే దిగేది. అలా దిగిన పాటను పదిసార్లు వినేది. సముద్రం అడుగునుంచి కేబుల్ వచ్చాక అంతా మారిపోయింది. పాటలు వరదలా వచ్చిపడ్డాయి. రోజూ పదులకొద్దీ బృందాలు మా పాట వినండి, మా గురించి రాయండి అని పంపేవి. కౌంటర్లో వినిపించే గొంతులే ఇక్కడా క్యూ కట్టాయనిపించింది ఆమెకు. విన్న పాట విన్నట్టే మరుపు. ఇష్టంగా మొదలుపెట్టిన పని రెండో ఉద్యోగమైపోయింది, దానికి సెలవులూ లేవు.

"ఈ నెలతో మానేస్తానండి," అంది ఒక ఆదివారం.

ప్రవీణ్ చేపల కూర కలుపుకుంటూ తలెత్తాడు. "కౌంటరా?"

"అది మానితే తినేదేంటి? పేజీ."

"మానెయ్. ఎవరు కొడతారు?"

అతను అంత తేలిగ్గా అనేసరికి ఆమెకు కాస్త బాధ కూడా కలిగింది. ఆ మధ్యాహ్నం కంప్యూటరు మూసేముందు, వచ్చిపడ్డ పాటల్లో ఊరికే ఒకటి తెరిచింది. బృందం పేరు కాలా బరఫ్. నల్ల ఐసు. బొమ్మ స్థానంలో ఉత్త నలుపు. ఊరు లేదు, మనుషుల పేర్లు లేవు. మూడే పాటలు.

మొదటి పాట నడుం నొప్పితో మెట్లెక్కే మనిషిలా సాగింది. అంత నెమ్మది, అంత బరువు. లీదియా కళ్లు మూసుకుంది. రెండో పాట మధ్యలో గిటారు ఆగింది. దాని కింద ఇందాకటి నుంచీ ఉన్న చప్పుడొకటి పైకి తేలింది. గరగరమని ఏదో తిరుగుతోంది. ఉన్నట్టుండి పెద్దగా మూలిగింది, జారింది, మళ్లీ ఊపందుకుంది. దూరంగా ఒక ఆడగొంతు, "గంప దింపండ్రా, సేప పాడైపోతంది!" అంది.

లీదియా హెడ్‌ఫోన్ తీసేసి లేచి నిలబడింది. ఆ మూలుగు ఆమెకు తెలుసు. జంగ్లీఘాట్ రేవు పక్క ఐసు ఫ్యాక్టరీ వెనక సందులో ఆమె పుట్టింది, పెళ్లయ్యేదాకా అక్కడే పెరిగింది. పెద్ద దిమ్మ వేసినప్పుడల్లా ఐసు కొట్టే మిషను బెల్టు జారి అలాగే మూలిగేది. చిన్నప్పుడు ఆ మూలుగుకే మెలకువ వచ్చేది.

మర్నాడు డ్యూటీకి ముందే ఆటో ఎక్కి జంగ్లీఘాట్‌లో దిగింది. బోట్లు అప్పుడే వచ్చాయి. రేవంతా గంపలు, కేకలు. ఆ కేకల్లో తనకు కావలసిన గొంతు వెతుక్కుంటూ నడిచింది. దొరికింది. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని సూరచేపలు ఏరుతున్న ముసలామె. పేరు దేముడమ్మ. వాళ్ల సందులోకి చేపలు తెచ్చేది.

"అత్తా, నన్ను గుర్తుపట్టావా? ఐసు ఫ్యాక్టరీ వెనకింటి లీదియాని."

"ఒలమ్మ, నువ్వా! ఇలాగైపోనావేటి, బక్కసిక్కి? ఒంట్లో బాగోలేదేటి?"

"బాగానే ఉన్నాను. అత్తా, మీవాళ్లలో గిటారు వాయించేవాళ్లెవరైనా ఉన్నారా?"

దేముడమ్మ మొహం మాడ్చుకుంది. "ఇంకెవుడు, నా కొడుకు ఈరేంద్ర. నలబై దాటినాయి, పెళ్లి లేదు. పగలు ఐసు మిషను కాడ, ఇంటికొస్తే తలుపేసుకుని ఆ గీకుడు. ఏటి, నీ ఇంటిదాకా ఇనిపిస్తందా?"

"వినిపించింది అత్తా," అంది లీదియా.

వీరేంద్ర ఫ్యాక్టరీ లోపల కంప్రెసర్ పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చామనఛాయ, పొడుగాటి మనిషి, ముంజేతుల మీద ఐసు కోసిన గీతలు. ఆమె కాలా బరఫ్ అనగానే బయటికి తీసుకొచ్చాడు. మాట్లాడుతున్నప్పుడు కుడి చెవి ఆమె వైపు తిప్పి వింటున్నాడు. తన పేజీ పేరు చెప్పి, దాన్ని రాసేది తానేనంది లీదియా.

"అది మీరా దీదీ? ఎవరో ఢిల్లీలో ఉంటారనుకున్నాను."

"మీరెక్కడో షిల్లాంగ్‌లో ఉంటారనుకున్నాను భయ్యా. మిషను చప్పుడు విని వచ్చాను."

అతను నవ్వాడు గానీ ఎక్కువసేపు కాదు. "మీకు ముందే పంపాను. మొదటి పాట చేసినప్పుడొకసారి, తర్వాత మళ్లీ. జవాబు రాలేదు. నచ్చలేదేమో అనుకున్నా."

లీదియా తల అడ్డంగా ఊపింది. "నచ్చకపోవడం కాదు. నేను తెరవనేలేదు. రోజూ అన్నేసి వస్తాయి."

"ఠీక్ హై దీదీ. మీరు మాత్రం ఎన్ని వింటారు." అతని గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండుననిపించింది ఆమెకు.

ఇవే ఆఖరి పాటలని చెప్పాడు. ఎడమ చెవి దాదాపు పోయింది. పగలంతా కంప్రెసర్, ఇంటికెళ్తే మళ్లీ అదే పనైతే రెండోది కూడా పోతుందని డాక్టరు అన్నాడు. చేతికొచ్చినవి మూడూ నెట్టులోకి ఎక్కించి, గిటారు గుడ్డలో చుట్టి మంచం కింద పెట్టేశాడు.

"ఒక్కసారి మనుషుల ముందు వాయించకూడదూ?"

"ఎవరొస్తారు ఇక్కడ?"

లీదియా తన ఫోన్ నంబరు రాసిచ్చింది. డ్యూటీకి ఆలస్యమవుతోందని వెళ్లిపోయింది. వారం గడిచింది. ఆదివారం పేజీలో ఏమీ రాయలేదు. ఎందుకు రాయలేదని ఒకరిద్దరు అడిగారు.

తర్వాత సముద్రం రేగింది. రేవులో హెచ్చరిక జెండా ఎగిరింది, ఓడలు ఆగాయి, చేపల బోట్లు వరసగా కట్టేసుకున్నాయి. రెండు రోజులు కౌంటరు దగ్గర రద్దు, రద్దు అని చెప్పీ చెప్పీ లీదియా నోరు పడిపోయింది. ఆ సాయంత్రం వీరేంద్ర ఫోన్ చేశాడు.

"దీదీ, బోట్లు లేవు, ఐసు కొనేవాళ్లు లేరు. రేపు మిషను ఆపేస్తున్నారు. షెడ్డు ఖాళీ. యజమానిని అడిగాను, సరేనన్నాడు. వస్తారా?"

ఆమెకు మంచం దిగాలని కూడా లేదు. "వస్తాను," అంది.

పేజీలో రెండు ముక్కలు రాసింది. రేపు మధ్యాహ్నం, జంగ్లీఘాట్ ఐసు ఫ్యాక్టరీ, కాలా బరఫ్. ఇన్నేళ్లలో తన ఊరి పేరు అందులో రాయడం అదే మొదలు. ఓడ కదలక ఇంట్లోనే ఉన్న ప్రవీణ్, పెళ్లిళ్లకు సౌండు సెట్లు అద్దెకిచ్చే స్నేహితుణ్ని అడిగి రెండు పెద్ద స్పీకర్లు తెచ్చాడు. వాన పడుతూనే ఉంది. వచ్చినవాళ్లు అరడజను మంది. ఎక్కువమంది కాలేజీ పిల్లలు. ఒకాయన మాత్రం దవడకు మఫ్లరు చుట్టుకుని వచ్చాడు. దీవుల ఉత్తరం కొసన ఉన్న డిగ్లీపూర్ బడిలో లెక్కల మాస్టారు, పేరు దేవప్రసాద్. పంటి వైద్యానికి వచ్చి ఊళ్లో చిక్కుకుపోయాడు. లీదియా పేజీ ఎనిమిదేళ్లుగా చదువుతున్నాడట.

"మీరు దీవుల్లోనే ఉన్నారని తెలీదండీ," అన్నాడు పన్ను నొప్పితో కష్టంగా. "మా డిగ్లీపూర్‌లో ఇది వినేవాణ్ని నేనొక్కణ్నే. మొత్తం దీవుల్లోనే ఒక్కణ్నేమో అనుకున్నాను."

వీరేంద్ర గిటారు తగిలించుకున్నాడు. బృందమంతా అతనొక్కడే, డ్రమ్ములు లాప్‌టాప్‌లోంచి వస్తాయి. మొదలుపెట్టాడు. కాసేపటికే తడబడ్డాడు. ఆపి, మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ తప్పింది. చేతులు దించేసి నిలబడ్డాడు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లీదియా దగ్గరికి వెళ్లింది.

"ఏమైంది భయ్యా?"

"చప్పుడు లేదు దీదీ. ఇంట్లో వాయించినా గోడ అవతల ఇది తిరుగుతూనే ఉంటుంది. దాన్ని పట్టుకునే వాయిస్తాను. ఇప్పుడు పట్టుకోడానికేమీ లేదు."

కెటిల్లో టీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ దేముడమ్మ ఇదంతా చూస్తోంది. చేపలు లేక ఆమెకూ పని లేదు. "ఐతే మిషనెయ్యండి," అంది. "ఆ మూల దిమ్మలు ఎలాగూ కరిగిపోతన్నాయి. ఏసీయండి దాన్లో."

ప్రవీణ్ స్విచ్చి వేశాడు. దేవప్రసాద్, ఇద్దరు పిల్లలు కలిసి ఐసు దిమ్మను దొర్లించుకుంటూ వచ్చి మిషనులో పడేశారు. బెల్టు జారింది, మిషను మూలిగింది, ఐసు పొడి నేలమీద కుప్పగా రాలింది. వీరేంద్ర కళ్లు మూసుకుని గిటారు అందుకున్నాడు.

హెడ్‌ఫోన్‌లో విన్నది వేరు. ఇక్కడ ఆ మోత అరికాళ్లలోంచి ఎక్కి పక్కటెముకల్లో ఆగింది. అతని గొంతు బొంగురుగా, లోతుగా వచ్చింది. ఒక్క మాట అర్థం కాలేదు. చెప్పుల్లోకి ఐసు నీళ్లు చేరుతున్నా లీదియా కదల్లేదు. కౌంటరూ, క్యూలూ, తెరవని వందల పాటలూ అన్నీ కాసేపు మోతలో మునిగిపోయాయి. ఏడుస్తున్నానని ఆమెకు తెలియలేదు. ప్రవీణ్ చూశాడు గానీ ఏమీ అడగలేదు.

పాట అయ్యాక దేముడమ్మ కొడుకు కుడి చెవి వైపు వెళ్లింది. "ఏట్రా అది? మాటలేటి?"

వీరేంద్ర తల దించుకున్నాడు. "నీవే అమ్మా. పొద్దున్న రేవులో నువ్వు తిట్టే తిట్లు. వరసగా పెట్టాను."

"నా తిట్లా!" ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఒళ్లంతా ఊగిపోయేలా నవ్వింది. తర్వాత నవ్వు తగ్గింది. "మీ బాబుని తిట్టినవి కూడా పెట్టావేటి?"

"అవి ముందొస్తాయి."

తండ్రి బోటుతో సహా తిరిగిరాక చాలా ఏళ్లయింది. దేముడమ్మ నేలమీది ఐసును కాలితో ఒక పక్కకి నెట్టింది. "ఇంకోపాలి ఆడించు," అంది చివరికి. "ఈపాలి నిదానంగా సెప్పు, ఇంటాను."

మళ్లీ వాయించాడు. దిమ్మలు అయిపోయేదాకా వాయించాడు. అప్పటికి అతను భుజం ఎత్తలేకపోతున్నాడు. టీ చల్లారిపోయింది, అందరూ అదే తాగి వానలో ఎవరి దారిన వాళ్లు వెళ్లారు.

ఆ తర్వాత వీరేంద్ర మళ్లీ రికార్డు చేయలేదు. యజమాని అతన్ని కంప్రెసర్ దగ్గర్నుంచి తీసి గేటు దగ్గర తూకానికి పెట్టాడు. చెవి అంతకంటే పాడవలేదు, బాగుపడనూ లేదు. లీదియా పేజీ మానలేదు గానీ ప్రతి వారం రాయడం మానేసింది. ఎప్పుడో బుద్ధి పుట్టినప్పుడు ఒక్క బృందం గురించి, నిజంగా విన్నదాని గురించి రాస్తుంది. చదివేవాళ్లు సగం మంది జారిపోయారు. పన్ను పీకించుకుని డిగ్లీపూర్ వెళ్లిపోయిన దేవప్రసాద్ మాత్రం రాసిన ప్రతిదానికీ జవాబిస్తాడు.

కొన్ని ఆదివారాలు ఆరాధన నుంచి వస్తూ ఆమె జంగ్లీఘాట్‌లో దిగుతుంది. వీరేంద్రా, ఆమే గేటు దగ్గర బల్ల మీద కూర్చుని టీ తాగుతారు. పాటల గురించి మాట్లాడుకునేది తక్కువ. నిద్ర పట్టడం లేదని అతనంటాడు. తనకు పట్టినా చాలడం లేదని ఆమె అంటుంది. అతని కుడివైపున కూర్చోవడం ఆమెకు అలవాటైపోయింది. టీ అయ్యాక గ్లాసులు కడిగి బోర్లిస్తారు, ఆమె ఆటో కోసం రోడ్డు మీదికి నడుస్తుంది.